తోరె అలిగిన వారం

"మేకుకి తగిలించిన టోపీ ఏదమ్మా?"

ఎర్సాయిన్ ఆ మాట అడిగేసరికి తొర్గిన్ టీ పోస్తోంది. కోడలు పోసే టీ కప్పులో సగానికి మించకూడదు. నిండా పోస్తే తాగి లేచి వెళ్ళిపొమ్మన్నట్టు. పెళ్ళయిన ఈ ఆరు రోజుల్లో ఆ సగం ఎక్కడో ఆమె చేతికి బాగా తెలిసిపోయింది. ముందు పాలు, తరవాత డికాషన్, ఆఖర్న సమోవార్‌లోంచి వేణ్ణీళ్ళు. మూడూ కలిసి మొగుడి కప్పులో ఒంటె బొచ్చు రంగులోకి తిరిగినప్పుడల్లా ఆమెకి లోపల ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టుండేది. ఇంత చిన్న పనిలో ఇంత సంతోషం ఉంటుందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

"ఏ టోపీరా?" అంది తల్లి కనీపా, వేయించిన పిండి ఉండని విరిచి వెన్న రాస్తూ.

"నాన్నది. బూడిద రంగు ఊలు టోపీ."

"అదా! మెండిబాయ్ పట్టుకెళ్ళాడు. మొన్న బయల్దేరేముందు నోరు తెరిచి అడిగాడు. నీ పెద్దక్క కొడుకు, మేనల్లుడు అడిగితే లేదంటామా? తల్లి పుట్టింట్లో మూడుసార్లు ఏదైనా అడిగే హక్కుంది వాడికి, ఇదే ఆఖరిది. మొదటిసారి గుర్రప్పిల్లని తోలుకెళ్ళాడు, రెండోసారి నీ మోటారు సైకిలు. ఈసారి తాతయ్య టోపీ చాలన్నాడు. బతికిపోయాం అనుకున్నా." కనీపా నవ్వింది. "కోడలే తీసి ఇచ్చింది. కొత్త రుమాల్లో చుట్టి రెండు చేతులా ఇచ్చింది. పక్కింటి వాళ్ళు చూసి, ఈ పిల్లకి ఎవరే ఇంత పద్ధతి నేర్పింది అన్నారు."

తొర్గిన్ తల దించుకుంది. బుగ్గలు వేడెక్కాయి. మొగుడు కూడా మెచ్చుకుంటాడేమో అని ఓరగా చూసింది. ఎర్సాయిన్ మొహంలో రంగు లేదు. కప్పు నోటిదాకా తీసుకెళ్ళినవాడు తాగకుండానే దించేశాడు.

"వాడిప్పుడు ఎక్కడున్నాడు?"

"నీళ్ళ ట్యాంకరుతో తిరిగేవాడు ఎక్కడున్నాడో ఎవరికి తెలుస్తుంది? అయినా ఆ పాత టోపీతో నీకేం పని? ఎండకైతే మీ మామగారు పెట్టిన కొత్త టోపీ ఉందిగా."

"ఉంది" అన్నాడు ఎర్సాయిన్. లేచాడు.

తొర్గిన్ మధ్యాహ్నం తిండి మూట పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. అతను జీపులో కూచుని ఉన్నాడు. ఇంజను వెయ్యలేదు.

"ఏమైంది?"

"అది ఎండకి పెట్టుకునే టోపీ కాదు."

"మరి?"

అతను ఎదురుగా వీధిలోకి చూస్తూ, గొంతు తగ్గించి చెప్పాడు. అతను పనిచేసే డేగల పెంపకం కేంద్రంలో తోరె అని ఒక మగ సాళువ డేగ ఉంది. తోరె అంటే దొర. గుడ్డు పగిలిన రోజు నుంచీ మనుషుల చేతుల్లోనే పెరిగింది. తాను డేగనన్న సంగతి దానికి తెలీదు. ఆడ డేగని చూస్తే గోడవైపు తిరిగి కూచుంటుంది. ఆరేళ్ళుగా దానికి ఎర్సాయినే జత. వసంతం రాగానే అతను గదిలోకి వెళ్ళి తల వంచి కూచుంటే, అది వచ్చి అతని టోపీ మీద వాలి జత కడుతుంది. టోపీ చుట్టూ బిగించిన రబ్బరు గాడిలో పడిన రెండు చుక్కల్ని సన్నటి గాజు గొట్టంలోకి లాగి, గుడ్లు పెడుతున్న ఆడ డేగకి ఎక్కిస్తారు. ఆ టోపీ లేకపోతే తోరె దగ్గరికి రాదు.

ఇలా చేస్తారని తొర్గిన్ కాలేజీలో జంతుశాస్త్రం పాఠంలో రెండు వాక్యాలు చదివింది. ఆ రెండు వాక్యాల్లోని మనిషి తన మొగుడవుతాడనుకోలేదు. ఆపుకోలేక నవ్వేసింది.

"అంటే నాకంటే ముందే నీకో మొగుడున్నాడన్నమాట!"

అతను నవ్వలేదు. ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"అత్తయ్యకి తెలుసా?"

"పోయిన నాన్న టోపీ మీద ఈ పని జరుగుతోందని అమ్మకి చెప్పమంటావా?"

"మరి ఇంటికెందుకు తెచ్చావు?"

"అక్కడ వదిలేసి సెలవు పెడితే ఎలుకలు కొరికేస్తాయి. పోయినేడు చేతితొడుగులన్నీ అలాగే పోయాయి." తాళం తిప్పాడు. "తెచ్చి మేకుకి తగిలించాను. అంతే."

"నేనూ వస్తాను" అంది తొర్గిన్.

కనీపా గుమ్మంలోంచి ఇద్దర్నీ చూసి, "సాయంత్రం టీ వేళకి ఉండాలమ్మాయ్. నిన్ను చూడ్డానికి ఇంకా రావాల్సినవాళ్ళున్నారు" అంది.

*

కేంద్రం ఉస్త్‌యుర్త్ పీఠభూమి అంచున, తెల్లటి సుద్దకొండ కింద ఉంటుంది. పన్నెండు గదులు. నాలుగు గోడలూ మూసి ఉంటాయి, పైన మటుకు వల కప్పిన ఆకాశం. నడవలోంచి చూడ్డానికి చెక్కలో సన్నటి సందు, మేత పెట్టడానికి అరచేయంత కిటికీ. గాలి ఆగకుండా కొడుతోంది. నోట్లో సుద్ద రుచి.

కేంద్రం పెద్ద తిలేగెన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఉన్ని చొక్కా మీద పిట్టల రెట్టల మరకలు.

"వచ్చాడండీ పెళ్ళికొడుకు! ఈ అమ్మాయేనా? బావున్నావమ్మా కోడలు పిల్లా, నీ మొగుడికి మా దగ్గర ఇంకో సంసారం ఉంది, నీకు చెప్పాడా?" అని, జవాబు కోసం ఆగకుండా ఎర్సాయిన్ వైపు తిరిగాడు. "పొద్దున్న ఐదూ నలభైకి మన ఆడ డేగ బైబిషె రెండో గుడ్డు పెట్టింది. మొదటిది శనివారం సాయంత్రం, మీ ఇంట్లో పెళ్ళి విందులు ఇంకా సాగుతుండగా పెట్టింది. ఎక్కించకుండా పెట్టినవేగా, రెండూ వట్టివే. ఇంక మిగిలింది రెండు, మన అదృష్టం బావుంటే మూడు."

ఎర్సాయిన్ తల ఊపాడు.

తిలేగెన్ గుడ్లు చూపించాడు తొర్గిన్‌కి. పొదిగే యంత్రంలో గాజు మూత కింద రెండు గుడ్లు. కాల్చిన ఇటుక రంగు మీద ఎవరో తుప్పునీళ్ళు చిలకరించినట్టు మచ్చలు. ఇంత అందంగా ఉన్నవి వట్టివంటే ఆమెకి నమ్మాలనిపించలేదు.

"ఎన్ని రోజులకొక గుడ్డు?"

"రెండు, రెండున్నర రోజులకి. ఒక గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లో ఎక్కిస్తేనే తరవాతి గుడ్డులో ప్రాణం ఉంటుంది. మూడోది గురువారం మధ్యాహ్నానికి రావాలి." తిలేగెన్ మూత తుడిచాడు. "ఈ కొండల డేగలు ఒకప్పుడు ప్రతి గండిలోనూ ఉండేవి. వల వేసి పట్టి అమ్ముకునేవాళ్ళు పట్టుకుపోగా, కరెంటు తీగల మీద మాడిపోగా ఇప్పుడు కొండంతా తిరిగితే గూళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తల్లిని పట్టుకుపోయిన గూట్లోంచి తీసుకొచ్చిన గుడ్డు తోరె. దానికిప్పుడు పదహారేళ్ళు. ఈ కొండ రక్తం ఉన్న మగపిట్ట మా చేతిలో అదొక్కటే. వచ్చే వసంతానికి ఉంటుందో లేదో."

"ఉండకపోతే?"

"శుక్రవారం విమానంలో అల్తాయ్ కొండల డేగది గొట్టం వస్తోంది. చెప్పి ఉంచాను. పిల్లలు పుడతాయి, బాగానే ఎగురుతాయి. కానీ అవి ఈ కొండవి కావు."

ఎర్సాయిన్ అప్పటికే కొత్త టోపీకి రబ్బరు గాడి బిగిస్తున్నాడు. నల్ల మఖమలు మీద వెండి జరీ. తొర్గిన్ వాళ్ళ నాన్న మూడు దుకాణాలు తిరిగి కొన్నాడు.

ఆమె సందుకి కన్ను ఆనించింది. పైనున్న అరుగు మీద తోరె. మీగడ రంగు తల, గోధుమ వీపు, పసుపు కాళ్ళు. బొమ్మలో చూసినదానికంటే చిన్నది, బొమ్మలో కంటే ఎంతో గట్టిగా ఉన్నది. ఎర్సాయిన్ నడుం వంచుకుని లోపలికొచ్చాడు. చూపు నేల మీద. నాలుకతో "చుప్, చుప్" అంటున్నాడు. ఆ గొంతు అంత మెత్తగా మారేది తన దగ్గర మాత్రమే అనుకుంది ఆమె. చేతిలో కౌజుపిట్ట మాంసం ముక్క. మోకాళ్ళ మీద కూచుని తల వంచాడు.

తోరె ఈకలన్నీ ఒంటికి అతుక్కున్నాయి. ఒక్క కేక. అరుగు మీద నుంచి రాయి విసిరినట్టు వచ్చి తాకింది. టోపీ ఎగిరి గోడకి కొట్టుకుంది. ఎర్సాయిన్ చేత్తో మొహం కప్పుకుని వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు.

తిలేగెన్ కనుబొమ మీద పట్టీ వేస్తూ గొణిగాడు. "ఆరు రోజులు వదిలేసి పోయావు. వచ్చావు, ఎవరిదో టోపీ పెట్టుకుని. ఏ పెళ్ళామైనా ఊరుకుంటుందా? పాత టోపీ ఏదీ?"

"ఇంట్లోవాళ్ళు ఇచ్చేశారు."

ఇంట్లోవాళ్ళు. తిలేగెన్ కళ్ళు ఒక్క క్షణం తొర్గిన్ మీదకి వచ్చి, మర్యాదగా పక్కకి తప్పుకున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఎర్సాయిన్ అన్నాడు. "ఒక్కమాట నన్నడిగి ఉంటే సరిపోయేది."

"నువ్వు గుర్రాల దగ్గర నీ స్నేహితులతో ఉన్నావు."

"అయినా కొత్తగా వచ్చినదానివి. ఇంట్లో వస్తువు తీసి ఇచ్చేముందు..."

"మేనల్లుడు అడిగాడు. అత్తయ్య కళ్ళతోనే ఇవ్వమంది. ఇవ్వకపోతే ఏమనేవాళ్ళు? అదీ నేనే అనిపించుకునేదాన్ని. నువ్వు ఈ టోపీ ముట్టుకోవద్దని ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? నువ్వు ఇచ్చేశావు. అక్కడ ఒక జాతి పోతోంది."

తొర్గిన్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోరింటాకు రంగు ఇంకా పోలేదు. పొద్దున మెచ్చుకున్న చేతులు, రెండు చేతులా ఇచ్చిన చేతులు. ఆమె వాటినలా చూస్తూ ఊరిదాకా వచ్చింది.

*

బుధవారం నాడు రోడ్డు చీలిక దగ్గర నీళ్ళ పంపు, అక్కడ ఆగిన మెండిబాయ్ ట్యాంకరు కనపడగానే తొర్గిన్, "ఇక్కడ ఆపు" అంది.

"ఇచ్చింది వెనక్కి అడుగుతావా? అమ్మ చెవిన పడిందంటే..."

"అడగను. చెప్తాను, అంతే." ఆమెని దింపి ఎర్సాయిన్ కేంద్రం వైపు సాగిపోయాడు.

మెండిబాయ్ ట్యాంకరు మెట్టు మీద కూచుని గుర్రం మాంసం ముక్కలు కత్తితో కోసుకు తింటున్నాడు. గొట్టం లోంచి నీళ్ళు ట్యాంకులోకి హోరుమని పడుతున్నాయి. ముప్ఫయ్యైదేళ్ళ మనిషి, మామ కంటే ఏడేళ్ళు పెద్ద. నెత్తిన ఆ బూడిద రంగు టోపీ.

"రండత్తా, రండి!" ఇరవై రెండేళ్ళ పిల్లని అత్తా అని పిలవడం అతనికి మహా సరదా. "మామ అప్పుడే తన్ని తగిలేశాడా? మా ఇంటికొచ్చెయ్యండి, మా ఆవిడకి తోడుంటారు."

తొర్గిన్ నిలబడే మొత్తం చెప్పింది. కాలేజీలో అధ్యాపకుడి ముందు చెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా, నీళ్ళ హోరులో వినపడేలా గట్టిగా. రబ్బరు గాడి దగ్గరికొచ్చేసరికి మెండిబాయ్ నమలడం ఆపేశాడు. మెల్లగా టోపీ తీశాడు. లోపలా బయటా తిప్పి చూశాడు. వాసన చూశాడు.

"తాతయ్య టోపీ మీదా?"

"ఊఁ."

"ఆరేళ్ళుగానా?"

"ఊఁ."

"అత్తా, నిన్న ఇది పెట్టుకునే మసీదుకెళ్ళానే!"

అతను నవ్వడం మొదలుపెట్టాడు. మెట్టు మీంచి జారి నేల మీద కూచున్నాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ట్యాంకు పొర్లి నీళ్ళు అతని బూట్ల కిందికి వచ్చాక గానీ లేవలేదు. పంపు కట్టేసి వచ్చాక మొహం మారింది.

"మేనల్లుడికి ఇచ్చింది వెనక్కి తీసుకుంటే మామకి చేతులు వణుకుతాయంటారు. ఆ గాజు గొట్టాల పని చేసేవాడికి చేతులు వణికితే ఎలా?"

"నేను వెనక్కి అడగలేదు. ఎందుకిలా అయిందో చెప్పానంతే."

మెండిబాయ్ ఆమె మొహంలోకి చూశాడు. "మామ నిన్ను తిట్టాడా?"

ఆమె పంపు వైపు చూసింది.

"సరే" అన్నాడతను. "టోపీ నాది. నాదే. ఎవరడిగినా మెండిబాయ్‌దని చెప్పాలి. కాకపోతే నా టోపీ మీ ఇంట్లో మేకుకి వేలాడుతుంది. ఇందులో వెనక్కి ఇవ్వడం ఎక్కడుంది? ఎక్కు, దింపేస్తాను."

ట్యాంకరు అంత ఎత్తు నుంచి ఎడారి చూడ్డం తొర్గిన్‌కి అదే మొదటిసారి. పిచ్చి తులసి పొదలు, వాటి మధ్య దూరంగా ఒంటెలు, ఇంకా దూరంగా తెల్లటి కొండ. ఒళ్ళో టోపీ. మనసు ఎంత తేలికయిందంటే, మెండిబాయ్ పాడుతున్న పాడు పాటకి కాలితో తాళం వేసింది.

కేంద్రం గేటు దగ్గర ఎర్సాయిన్ టోపీ అందుకున్నాడు. ఆమె చేతి మీద అతని వేళ్ళు ఒక క్షణం ఎక్కువ ఆగాయి. గాడి బిగించుకుని లోపలికెళ్ళాడు.

తోరె చూసింది. ఈసారి కేక వెయ్యలేదు. అరుగు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. తల కొంచెం దించింది. సందు దగ్గర తొర్గిన్ ఊపిరి పీల్చడం మానేసింది. చుప్, చుప్, అన్నాడు ఎర్సాయిన్.

తోరె వెనక్కి తిరిగింది. వీపు ఇటు పెట్టి, ఈకలు ఉబ్బించి, ఒక కాలు పొట్టలోకి లాక్కుని కన్ను మూసుకుంది.

గంటన్నర ఎర్సాయిన్ మోకాళ్ళ మీద కూచున్నాడు. పట్టీ కిందనుంచి చెమట కారింది. నిన్న తన్నింది, ఈరోజు అదీ లేదు. బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"టోపీ కాదు" అన్నాడు.

తొర్గిన్ ఇంకో మాట కోసం ఎదురుచూసింది. అతను మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

మేత గిన్నెలో కౌజు మాంసం అలాగే ఉంది. ఆమె గిన్నె పట్టుకుని చిన్న కిటికీ తెరిచింది. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలీలేదు. "ఏం కావాలయ్యా దొరా నీకు?" అంది పళ్ళ బిగువున. "టోపీ తెచ్చాం. మనిషిని తెచ్చాం. మేళతాళాలు కూడా తెమ్మంటావా? నీకోసం ఊరంతా తిరిగి పరువు పోగొట్టుకున్నాను, తెలుసా?"

తోరె కన్ను తెరిచింది.

అరుగు దిగి వచ్చింది. కిటికీ ముందున్న రాయి మీద వాలి, ముక్కు రొమ్ముకి తగిలేదాకా తల వంచింది. "ఈ-చుప్" అంది. మళ్ళీ వంచింది. ఆమె మాంసం ముక్క పెట్టింది. అది ముక్కుతో అందుకుంది, మింగలేదు. మునికాళ్ళ మీద రెండడుగులు ముందుకొచ్చి, ఆ ముక్కని తెచ్చి ఆమె వేళ్ళ మధ్య పెట్టింది. పెట్టి, చూసింది.

మగ డేగ జతకి తినిపించడం అంటే ఏమిటో తొర్గిన్‌కి తెలుసు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎంత సంతోషం వేసిందో అంత సిగ్గేసింది. ఇది అతని పిట్ట. ఆరు వసంతాలు అతను మోకాళ్ళ మీద కూచున్న పిట్ట. నడవ చివర కుళాయి ఆగిన చప్పుడు వినగానే ఆమె కిటికీ మూసేసింది.

ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం చుట్టాల ముందు టీ పోస్తూ ఒక కప్పు అంచుదాకా నింపేసింది. కనీపా చూపు చురుక్కుమంది.

*

గురువారం పన్నెండూ పదికి బైబిషె మూడో గుడ్డు పెట్టింది.

ఎర్సాయిన్ లోపలికెళ్ళి వచ్చాడు. ఎలా వెళ్ళాడో అలాగే వచ్చాడు. తిలేగెన్ ఆఫీసు గదిలో ఫోన్ తీశాడు. అల్తాయ్ గొట్టం రేపు ఏ విమానంలో వస్తోందో, మంచు డబ్బాలో పెట్టారో లేదో కనుక్కుంటున్నాడు. ఎర్సాయిన్ టోపీకున్న గాడిని వేలితో రాస్తూ కూచున్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననుకుంది తొర్గిన్.

"నాకు తినిపించింది" అంది తొర్గిన్.

తిలేగెన్ ఫోన్ చెవి నుంచి తీశాడు. "ఏంటీ?"

"నిన్న. తల వంచింది, రెండుసార్లు. ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది."

"నిన్నా! మరి నిన్న చెప్పలేదేంటమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. తిలేగెన్ కూడా అటే చూశాడు. ఎర్సాయిన్ లేచాడు.

"పద. నేను చూస్తాను" అన్నాడు.

అతను సందు దగ్గర నిలబడ్డాడు. ఆమె నాలుగడుగుల అవతల కిటికీ తెరిచింది. "దొరా" అంది. తోరె వచ్చి తల వంచింది. ముక్క అందుకుని, తిరిగి ఆమెకిచ్చింది. ఆమె తీసుకుంటే, రెక్కలు కొంచెం జార్చి పిట్టపిల్లలా కూసింది.

ఎర్సాయిన్ కనుబొమ పట్టీ చెక్కకి ఆని ఉంది. చాలాసేపు అతను కన్ను తియ్యలేదు. తీశాక ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. టోపీ ఆమె చేతిలో పెట్టాడు.

"వెళ్ళు. కళ్ళలోకి చూడకు. పళ్ళు కనపడనివ్వకు, నవ్వొచ్చినా సరే. మోకాళ్ళు నొప్పెట్టినా కదలకు. వాలినప్పుడు తల నేలకి సమాంతరంగా ఉంచు, లేకపోతే జారుతుంది."

"నీలా పిలవాలా?"

"వద్దు. నీ గొంతుతోనే."

లోపల గులకరాళ్ళు మోకాళ్ళకి గుచ్చుకున్నాయి. పైన వల గాలికి ఊగుతోంది. తోరె టోపీని చూడగానే బుసకొట్టింది. ఈకలు అణిగిపోయాయి. తొర్గిన్‌కి అర్థమైంది. టోపీని మెల్లగా తీసి, వెనక్కి చెయ్యి చాచి, కిటికీలోంచి బయట పడేసింది. ఇప్పుడు నెత్తిన తెల్ల రుమాలు ఒక్కటే ఉంది, పెళ్ళినాడు కనీపా కట్టింది.

"రా మరి" అంది.

రెక్కల గాలి ముందు చెంపకి తగిలింది. తరవాత బరువు. కిలో కూడా లేదు, కానీ గోళ్ళు గుడ్డలోంచి మాడు దాకా దిగాయి. రెక్కలు చెవుల దగ్గర కొట్టుకున్నాయి. అంతే, అయిపోయింది. తోరె అరుగు మీదకెళ్ళి ఒళ్ళు విదిలించుకుంది. ఆమె రుమాలు తడుముకుంది. తడి. రెండు చుక్కలూ గుడ్డ తాగేసింది.

గోడ అవతల తిలేగెన్ "అయ్యో!" అని నోరు మూసుకోవడం వినిపించింది.

కిటికీలోంచి ఎర్సాయిన్ చెయ్యొకటి లోపలికొచ్చింది. మణికట్టు దాకా మాత్రమే. అందులో టోపీ నుంచి విప్పిన రబ్బరు గాడి, సన్నటి గాజు గొట్టం. ఆమె అందుకుని గాడిని రుమాలు చుట్టూ బిగించి, జడలోంచి నాలుగు పిన్నులు తీసి గుచ్చింది. మళ్ళీ కూచుంది. ఇంకోసారి వస్తుందా? రోజుకి ఒక్కసారేనా? అడగడానికి లేదు. వెలుతురు ముక్క గోడ మీద బెత్తెడు జరిగింది. ఈగ ఒకటి మెడ మీద నడిచింది. మోకాళ్ళ కింద ఏముందో తెలియడం మానేసింది. బైబిషె గుడ్డు పెట్టి రెండు గంటలయింది. ఆమె నేలకేసి చూస్తూ దొరతో మాట్లాడుతూనే ఉంది. అత్తగారింట్లో రెండు కప్పులు ఒకే పువ్వువి అనీ, అవి తామిద్దరికే కేటాయించుకుందనీ, నిన్న ట్యాంకరెక్కాననీ, నోటికొచ్చిందల్లా.

రెక్కల గాలి.

ఈసారి ఆమె తల వంచిన చోటే ఉంచి, కుడి చేత్తో కౌజు ముక్క నేల మీద పెట్టింది. తోరె దిగి దానివైపు వెళ్ళాక గాడి విప్పింది. కాలేజీ ప్రయోగశాలలో నేర్చుకున్న చెయ్యే. గొట్టం కొసని ఆనించి, రెండో కొసనున్న రబ్బరు గొట్టంలోంచి నోటితో గాలి మెల్లగా లాగింది. పల్చటి పాల రంగు గొట్టంలో గోరంత ఎత్తు ఎక్కి ఆగింది. కిటికీలోకి అందించింది. ఎర్సాయిన్ వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి.

ఆమె బయటికొచ్చేసరికి తిలేగెన్ సూక్ష్మదర్శిని మీద వంగి ఉన్నాడు. ఎవరూ కదలడం లేదు.

"ఉన్నాయి" అన్నాడు. "ఈదుతున్నాయి. ముసలాడిలో ఇంకా ఇంత ఉందా!"

ఎర్సాయిన్ బైబిషెని గుడ్డలో చుట్టి, తలకి ముసుగేసి పట్టుకున్నాడు. తిలేగెన్ గొట్టం ఎక్కించాడు. నిమిషం కూడా పట్టలేదు. తరవాత తిలేగెన్ ఫోన్ తీసి, "ఆ డబ్బా పంపకండి. ఆఁ, రేపు వద్దు. ఎందుకా? ఇక్కడ మా కోడలు పిల్ల ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రం చుట్టాలెవరూ లేరు. ఎర్సాయిన్ కప్పులోకి చూస్తూ తల్లికి అంతా చెప్పాడు. గుడ్లు ఆగేదాకా తొర్గిన్ రోజూ పొద్దున్నే కేంద్రానికి వెళ్ళాలన్నాడు. కనీపా తాగుతున్న కప్పు దించింది.

"మీ నాన్న టోపీ మీద?"

"ఊఁ."

"ఇప్పుడు కోడలి నెత్తి మీద?"

"ఊఁ."

"నేను కట్టిన రుమాలు మీద?"

ఎర్సాయిన్ చెవులు ఎర్రబడ్డాయి. కనీపా కప్పు ఖాళీ అయింది. తొర్గిన్ సమోవార్ వైపు చెయ్యి చాచింది.

"కూచో" అంది కనీపా. "ఆ మోకాళ్ళు చూడు, ఎలా వాచాయో. నేను పోస్తాను." పోస్తూ గొణుక్కుంది. "ఇంకో రెండు రుమాళ్ళు తియ్యాలి. ముతకవి."

*

ఆదివారం తెల్లవారేసరికి బైబిషె కింద నాలుగో గుడ్డు ఉంది.

తిలేగెన్ నడవ మొదట్లోనే ఎర్సాయిన్‌ని ఆపాడు. "నువ్విక్కడే ఉండు. దానికి నీ నీడ కూడా కనపడకూడదు. నిన్ను చూసిందా, మళ్ళీ రెండు మనసులవుతుంది."

"తెలుసు" అన్నాడు ఎర్సాయిన్.

తొర్గిన్ లోపలికెళ్ళి కూచుంది. ముతక రుమాలు, దాని మీద గాడి. తోరె అరుగు చివరికొచ్చి తల వంచడం మొదలుపెట్టింది. ఒకసారి. రెండోసారి. "ఈ-చుప్."

నడవలో బూట్ల చప్పుడైంది.

ఎవరో ఆమెకి తెలుసు. ఆ ఎడమ కాలి మడమ సిమెంటు మీద కొంచెం గట్టిగా పడడం ఈ పదకొండు రోజుల్లో ఆమె చెవికి అలవాటైపోయింది. తోరె చెవికి అది ఆరేళ్ళ అలవాటు. వంచిన తల ఆగింది. ఈకలు ఒంటికి అతుక్కున్నాయి. అది తలుపు వైపు చూసింది.

చప్పుడు తలుపు అవతల ఆగింది. తలుపు కింద రెండు వేళ్ళ సందు. అందులో రెండు బూటు ముక్కులు, సుద్ద అంటుకుని తెల్లగా. చెక్కలో సందు దగ్గరికి వచ్చి ఒక్కసారి చూసి పోదామనుకున్నాడేమో. దానికి వినపడుతుందన్నది మర్చిపోయాడేమో. తొర్గిన్ కేకెయ్యలేదు, చెయ్యి ఊపలేదు. నేల మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి బిగబట్టి ఆ బూట్లనే చూసింది. తోరె కూడా వాటినే చూస్తోంది. దాని గొంతులోంచి ఏదో సన్నగా, కేకా కాదు పిలుపూ కాదు, మొదలై ఆగింది.

కుడి బూటు లేచి కనపడకుండా పోయింది. కొంచెం సేపటికి ఎడమది కూడా.

ఇప్పుడు సందులో బూడిద రంగు మేజోళ్ళు. ఎడమ బొటనవేలు చిల్లులోంచి బయటికొచ్చి చలికి ఎర్రగా ఉంది. అవి మెల్లగా వెనక్కి తిరిగాయి. ఒక మడమ, తరవాత ఇంకో మడమ. నిద్రపోతున్న పసివాడి పక్కనుంచి లేచిన మనిషిలా, సిమెంటు మీద ఏ చప్పుడూ లేకుండా దూరమయ్యాయి. సందులో నీడ పోయి ఖాళీ వెలుతురు మిగిలింది.

తోరె ఆ వెలుతురు వైపు ఇంకాసేపు చూసింది. తరవాత ఇటు తిరిగింది.

తొర్గిన్ తల వంచింది.